పడవ, రైలు, సుమో: మంచు ఊరికి మా దారి



కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు, మాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, శ్రీనగర్ వచ్చేలా ఉంది, పెట్టుకోవాలా వద్దా?" "అక్కడ గొడవలంట కదా?" "మంచులో ఎట్లా ఉంటున్నారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాద్దామని ముగ్గురం కూర్చున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మేమెవరమో చెప్పాలి. మేం ముగ్గురం కోయ అమ్మాయిలం. ఇద్దరిది వి.ఆర్.పురం మండలంలో గోదావరి ఒడ్డు ఊరు, ఇంకొకరిది చింతూరు వైపు. ఆరో తరగతి నుంచి గురుకులంలో కలిసి చదివాం. మా మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరిని చూసి ఒకరం అవే ఆప్షన్లు పెట్టుకున్నాం కాబట్టి 2023లో ముగ్గురికీ శ్రీనగర్ ఎన్‌ఐటీలోనే సీట్లొచ్చాయి. ఇప్పుడు మాకు ఇరవై ఏళ్లు.

సీటొచ్చిందని చెప్పిన రోజు మా ఊళ్లో ఎవరూ పెద్దగా సంతోషపడలేదు. మావోళ్లకి కశ్మీర్ అంటే టీవీలో వినిపించే తుపాకుల చప్పుడే. "ఆడపిల్లల్ని అంత దూరం పంపుతారా?" అని చుట్టాలు. "రాజమండ్రిలో కాలేజీలు లేవా?" అని ఇంకొకరు. మా నాయన మాత్రం వద్దనలేదు. ఒక్క మాట అడిగాడు. "తిరిగి రావడానికి దారుందా అమ్మా?" ఉంది నాయనా అన్నాం. "అయితే పోండి" అన్నాడు.

ఆ మాట అప్పుడు మాకు పూర్తిగా అర్థం కాలేదు. మా ఊరు పోలవరం ముంపు జాబితాలో ఉంది. మా నాయన అడిగింది ఆ మనసుతో అని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది జూలై చివర్లో భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటింది. అంటే మూడో ప్రమాద హెచ్చరిక. పడవలు ఆపేశారు. మా ఊరికి రోడ్డు లేదు, పడవ లేకపోతే మేమెక్కడికీ కదలలేం. సర్టిఫికెట్లన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టుకుని, నీళ్లు తీసే దాకా కూర్చున్నాం. చివరికి ఆగస్టులో ఇంజను పడవెక్కి పోచవరం రేవులో దిగాం. అక్కణ్ణుంచి జీపులో కూనవరం మీదుగా భద్రాచలం. చింతూరు అమ్మాయి బస్టాండులో మాకోసం ఎదురుచూస్తోంది. తోడుగా ఒక మామ వచ్చాడు. ఖమ్మంలో రైలెక్కితే రెండు రాత్రులు గడిచాక జమ్మూలో దిగాం.

జమ్మూలో మంచూ లేదు, చలీ లేదు, మన దగ్గరలాగే ఉక్క. స్టేషన్ బయట సుమోలు వరసగా ఉంటాయి, మనుషులు నిండితేనే కదులుతాయి. శ్రీనగర్ దాకా 250 కిలోమీటర్ల పైమాటే. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద ఎక్కడో చీనాబ్ నది. దారిలో రెండు పెద్ద సొరంగాలు. చెనానీ - నాశ్రీ సొరంగం 9 కిలోమీటర్ల పైనే, బనిహాల్ - కాజీగుండ్ సొరంగం ఎనిమిదిన్నర కిలోమీటర్లు. మన మారేడుమిల్లి ఘాట్‌లో వాంతులు చేసుకునేవాళ్లు మాత్రం ముందే ఏమీ తినకుండా ఎక్కండి. రెండో సొరంగం దాటాక మాకు కనిపించింది మంచు కాదు, పచ్చటి వరి పొలాలు. మా మామ సుమోలోంచే, "ఓరి, ఇదీ మనూరే!" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న మేం ముగ్గురం అప్పుడు నవ్వాం.

ఇప్పుడు దారి ఇంకా తేలికైంది. 2025 జూన్ నుంచి కట్రా - శ్రీనగర్ మధ్య రైలు నడుస్తోంది. నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన చీనాబ్ వంతెన మీదుగా పోతుంది. కాబట్టి ఈ ఏడాది వచ్చేవాళ్లకి సుమో తప్పనిసరి కాదు.

మంచు మేం మొదటిసారి చూసింది 2024 ఫిబ్రవరి చివర్లో. చలికాలం సెలవులకు ఇంటికొచ్చి తిరిగి పోతున్నాం. రాంబన్ దగ్గర కొండ చరియ విరిగి రోడ్డు మూసేశారు. ఒక రాత్రంతా సుమోలోనే. డ్రైవరన్న తన దగ్గరున్న రొట్టెలు మాకూ పంచాడు. మర్నాడు బనిహాల్ సొరంగంలోకి పోయేటప్పుడు వాన పడుతోంది. అవతల బయటికొచ్చేసరికి కళ్లు మూసుకుపోయేంత తెలుపు. ఇళ్లు, చెట్లు, కరెంటు తీగలు అన్నీ తెల్లగా ఉన్నాయి. వానకి చప్పుడుంటుంది, మంచుకి ఉండదు. అది మాకు కొంచెం భయం వేసింది.

ఆ చలికాలంలో జనవరి చివరిదాకా అక్కడ మంచే పడలేదంట. వాళ్లు దిగులుపడ్డారు. మేం మొదట ఆశ్చర్యపోయాం, చలి లేకపోతే మంచిదే కదా అని. మా మెస్‌లో పనిచేసే పెద్దాయన చెప్పాడు: కొండల మీద పడిన మంచు కరిగితేనే ఎండాకాలం కాలవల్లో నీళ్లు, పొలాలకు నీళ్లు. మనం తొలకరి కోసం ఆకాశం చూసినట్టు వాళ్లు మంచు కోసం చూస్తారు. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గట్టి చలికి వాళ్లు చిల్లై కలాన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లై బచ్చా. మన కార్తెల్లాంటి లెక్క.

రెండో చలికాలం మాకు తిరుగు టికెట్లు నెలాఖరుకి గానీ దొరకలేదు. దాంతో అసలు చలి చూశాం. 2024 డిసెంబర్ 21 తెల్లవారుజామున శ్రీనగర్‌లో సున్నాకి దిగువన 8.5 డిగ్రీలు. ముప్పై ఏళ్లలో డిసెంబర్‌లో అంత చలి లేదన్నారు. కుళాయిల్లో నీళ్లు గడ్డకట్టాయి. దాల్ సరస్సు అంచులు గడ్డకడితే, పడవ నడిపేవాళ్లు తెడ్డుతో మంచు పగలగొట్టుకుంటూ పోయేవాళ్లు. మేం పడవల్లో పెరిగినవాళ్లం, కానీ నీళ్లని పగలగొట్టడం ఎప్పుడూ చూడలేదు.

అక్కడివాళ్లు చలికి ఫెరన్ అనే పొడుగు చొక్కా వేసుకుని, దాని లోపల కాంగ్డీ పెట్టుకుంటారు. కాంగ్డీ అంటే మట్టి మూకుడు చుట్టూ అల్లిన బుట్ట, లోపల బొగ్గు నిప్పులు. ఆ అల్లిక చూస్తే మన మేదరోళ్ల పనే గుర్తొస్తుంది. ఒక్క జాగ్రత్త: తలుపులు మూసిన గదిలో దాన్ని పెట్టుకుని నిద్రపోవద్దు, ఆ గాలికి ప్రాణం పోతుంది. చలి బట్టలు మన దగ్గర కొనకండి. శ్రీనగర్‌లో ఆదివారం సండే మార్కెట్ పెడతారు. వాడిన కోట్లు, స్వెటర్లు తక్కువకే దొరుకుతాయి. మేం ముగ్గురం అక్కడే కొనుక్కున్నాం.

తిండికి భయం లేదు. వాళ్లది అన్నమే. అన్నాన్ని "బత్త" అంటారు. "హాక్" అని ఒక ఆకుకూర రోజూ ఉంటుంది. చలికాలం కోసం సొరకాయ, వంకాయ, టమాటా కోసి ఎండబెట్టి దాచుకుంటారు, చేపలు కూడా. మా అమ్మ కట్టిచ్చిన ఎండు చేపల మూట విప్పడానికి మేం సిగ్గుపడుతుంటే, మా గది పక్క కశ్మీరీ అమ్మాయి వాసన పట్టి వచ్చి, "మా ఇంట్లోనూ ఉంటాయి" అని కూర్చుంది. ఆ రోజు నుంచి మా గదిలో ఆ మూట దాచలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మే నెలలో శ్రీనగర్ రోడ్ల మీద గొర్రెలు, మేకలు, గుర్రాలతో జనం పోతుంటారు. వాళ్లు బకర్‌వాల్‌లు. చలికాలం జమ్మూ వైపు పల్లపు నేలలో ఉండి, వేసవికి పైకొండల మేతకి పోతారు. గుజ్జర్లనూ వాళ్లనూ 1991లో షెడ్యూల్డ్ తెగలుగా గుర్తించారు. ఒకసారి ఒక పెద్దమ్మ దగ్గర ఆగి మాట్లాడాం. మేమూ ఎస్టీలమే, దక్షిణాది నుంచి వచ్చాం అంటే నమ్మలేదు. "మీ గొర్రెలేవి?" అని అడిగింది. లేవన్నాం, అడవి ఉంది, నది ఉంది అన్నాం. "అయితే మీరెందుకు కదిలారు?" అంది. చదువుకి అన్నాం. ఆమె మనవడు కూడా మందతో పాటు పైకి పోయి, అక్కడ వేసవికి పెట్టే బడిలో చదువుతాడంట. మన పోడు పట్టాలకి ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టం జమ్మూకశ్మీర్‌కి వర్తించింది 2019 తర్వాతే. వాళ్లకూ అడవిలో అవే గొడవలు.

దాల్ సరస్సు లోపల కూడా ఊళ్లున్నాయి. పిల్లలు బడికి పడవలో వస్తారు, కూరగాయల సంత తెల్లవారుజామున పడవల మీదే. అక్కడ మాకు మా ఊరే కనిపించేది. సరస్సుని కాపాడాలని అక్కడి కుటుంబాల్ని రఖ్-ఎ-ఆర్థ్ అనే చోట కాలనీ కట్టి తరలిస్తున్నారు. మాకు తెలిసిన ఒక పడవ తాత కొడుకు అక్కడికి మారాడు. ఇల్లు గట్టిదే, రోడ్డుంది, కరెంటుంది. తాత మాత్రం, "పడవని వాకిట్లో బోర్లా పెట్టాం, పిల్లలు దానిమీద ఎక్కి ఆడుకుంటారు" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆ రోజు మేం హాస్టల్‌కి పోయి చాలాసేపు మాట్లాడుకోలేదు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు మా ఊరోళ్లు గుట్ట మీద గుడిసెలు వేసుకున్నారు. కొందరు మళ్లీ కిందికి దిగలేదు. ఇప్పుడు ఇంటింటా కాలనీ మాటే. మేం రెండు వేల కిలోమీటర్లు దాటి వచ్చాం, కానీ సెలవులకి మా వాకిట్లోకి పోతాం. బకర్‌వాల్ పెద్దమ్మ మంచు పడే ముందు దిగొస్తుంది, కరిగాక మళ్లీ ఎక్కుతుంది. మా అమ్మానాన్నలు పోవాల్సింది అంత దూరం కాదు. కానీ ఒకసారి పోయాక వెనక్కి రావడానికి ఊరే ఉండదు. భూమి పండుగ ఏ గట్టు మీద చేసుకోవాలో, పెద్దల్ని పూడ్చిన చోటికి ఎట్లా పోవాలో కాలనీ నక్షాలో ఉండదు. మా నాయన దారి గురించి ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది.

అందుకే సెలవులకి వచ్చినప్పుడల్లా మేం ఒక పని చేస్తున్నాం. ఊళ్లో చెట్లు, గట్లు, రేవులు, సమాధులు, ఎవరి పోడు ఎక్కడిదాకా అన్నీ ముసలోళ్లని అడిగి నోటుబుక్కులో గీసి రాస్తున్నాం. సివిల్ చదివే మా చెల్లి కొలతలు వేస్తుంది. మీ ఊరు కూడా ముంపులో ఉంటే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. అడగాల్సిన ముసలోళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

గొడవల సంగతి దాచం. 2025 మేలో సరిహద్దు కాల్పుల రోజుల్లో మేం హాస్టల్ ఖాళీ చేసి బయలుదేరాం. ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదంట. మామూలు రోజుల్లో మాత్రం ఊరివాళ్లు మమ్మల్ని సొంత పిల్లల్లాగే చూసుకున్నారు. రెండూ నిజమే, రెండూ చెప్పి ఇంట్లో ఒప్పించండి.

రావాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. ఎన్‌ఐటీల్లో ఎస్టీ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు ఉండదు, హాస్టల్, మెస్ డబ్బులు మాత్రం చూసుకోవాలి. ఎస్టీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ముందే తీయించుకోండి. బయటి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. లేకపోతే దిగగానే ఇంటికి ఫోన్ కలవదు, ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోతారు. వరద రోజుల్లో పడవ ఆగిపోతుంది కాబట్టి రిపోర్టింగ్ తేదీకి పది రోజుల ముందే ఒడ్డు దాటి చుట్టాలింట్లో ఉండండి.

దూరమని మాత్రం సీటు వదులుకోవద్దు. జమ్మూ స్టేషన్‌లో దిగే రోజు ముందే చెబితే మా ముగ్గురిలో ఒకరం ఎదురొస్తాం.

జోహార్.