పోలీసుల వెంట నడిచిన కథ

లాజ్ లీ తీసిన ‘లే మిజెరాబ్ల్’ (2019) సినిమా పోలీసులకు వ్యతిరేకమని కొందరు ప్రేక్షకులు, పోలీసుల వైపు నుంచే కథ చెప్పిందని మరికొందరు తప్పుపడతారు. నిజానికి దాని బలమే అక్కడుంది. పారిస్ శివారులోని మోఁఫెర్మేలో పెరిగిన దర్శకుడు కథలోని ముగ్గురు పోలీసులను రాక్షసులుగా చూపలేదు. భయం, అలసట, అహంకారం ఉన్న మామూలు మనుషులే. అయినా వాళ్లు పేల్చిన ఫ్లాష్‌బాల్ (రబ్బరు తూటా) దెబ్బకు ఒక పిల్లాడు కుప్పకూలితే, వాళ్ల నాయకుడు ముందు వెతికింది ఆసుపత్రిని కాదు, ఆ దృశ్యం తీసిన డ్రోన్‌ని.

చివర్లో పిల్లల తిరుగుబాటు హింసను సమర్థిస్తోందనే వాదన కూడా నిలవదు. కారణం చూపడం సమర్థించడం కాదు. నిజ జీవితంలోనూ 2005లో మోఁఫెర్మే పక్కనే ఉన్న క్లిషీ-సూ-బువాలో పోలీసులకు భయపడి విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దాక్కున్న ఇద్దరు కుర్రాళ్లు చనిపోయాకే ఫ్రాన్స్ భగ్గుమంది. తప్పంతా ఒక చెడ్డ పోలీసుదైతే అతన్ని తీసేస్తే సరిపోయేది. తప్పు వ్యవస్థదని చెప్పే సినిమా ఇది. తప్పక చూడండి.