ప్రేయర్ గంట కొట్టాక

తాడిపత్రిలో హైస్కూలు టీచరుగా పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువ జాగ్రత్త పడింది ప్రేయర్ దగ్గరే. లెక్క తప్పు చెబితే మర్నాడు దిద్దుకోవచ్చు. బడి మొత్తం చూస్తుండగా ఒక బిడ్డ నమ్మకాన్ని చిన్నబుచ్చితే ఇక దిద్దలేం.

హాజరుపట్టీలో పేరు చూసి మతం చెప్పడం మా సీమలో కష్టం. హిందువులూ ముస్లింలూ కలిసి కొలిచే గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే ఏ ఇంట్లోనైనా కుళ్లాయప్ప పుడతాడు. పీర్ల పండక్కి ఊరంతా కదులుతుంది. అయినా పాట దగ్గరికొచ్చేసరికి కొందరు పిల్లలు ఇరకాటంలో పడతారు.

ఒక ఏడు కొత్తగా చేరిన ఎనిమిదో తరగతి పిల్లాడు దేవుడి పాటకు నోరు విప్పలేదు. డ్రిల్ సారు కేకలేయబోతే ఆపి, తర్వాత విడిగా అడిగాను.

"మేం చర్చికి పోతాం సార్. ఆ పాట పాడొద్దు, మర్యాదగా నిలబడు అనింది మాయమ్మ."

ఆ తల్లి చెప్పింది న్యాయమైన మాట. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేస్తే, అది చెల్లదని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. కలకత్తాలో యూదులు 1881లో పెట్టిన బాలికల బడిలో ఇప్పుడు చదివేది ఎక్కువగా ముస్లిం అమ్మాయిలే. బడి ఎవరిదైనా, వచ్చే పిల్లలు ఎవరి నమ్మకంతో వాళ్లు వస్తారు.

తోటి టీచర్లతో మాట్లాడి ప్రేయర్ మార్చాం. ప్రతిజ్ఞ ఉంచాం. దాన్ని 1962లో విశాఖలో రాసినాయన మన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అందులో ఏ దేవుడి పేరూ లేదు, అందరూ గొంతెత్తి చెప్పగలరు. దేవుడి పాట బదులు ఒక నిమిషం మౌనం పెట్టాం. మూడో వరసలో ఒకమ్మాయి అరచేతులు తెరిచి, నిమిషం అయ్యాక ముఖానికి అద్దుకునేది. పక్కనున్న పిల్ల కళ్లు మూసుకుని చేతులు జోడించేది. రంజాన్ నెలలో ఉపవాసమున్న పిల్లల్ని ఎండెక్కిన బండల మీద నిలబెట్టకుండా వేపచెట్టు నీడకు పంపి, డ్రిల్ తగ్గించేవాళ్లం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు ఒక్క మాట. గుర్తింపు పొందిన ఏ బడిలోనైనా పెద్దల సమ్మతి లేకుండా పిల్లల్ని ఆరాధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రేయర్లో పాడని పిల్లాణ్ని పదిమందిలో నిలదీయకండి. విడిగా పిలిచి అడగండి.