ఎవరి సొత్తు వారి పేరున

“హజ్రత్, మేము పన్ను కట్టేంతటి వాళ్ళం కాము. మాకు పాన్ కార్డు ఎందుకు?” హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలలో ఇదొకటి. మేము బోధించేది హదీసు, ఫిఖహ్. ఆదాయపు పన్ను చట్టం కాదు. అయినా ఈ ప్రశ్న మా పాఠానికి దూరమైనదని మేము భావించము. పన్ను సంగతి అటుంచితే, ఏ సొత్తు ఎవరిదన్నదే ఇందులోని అసలు విషయం.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన వాక్యం బఖరా సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను వ్రాసి ఉంచుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తుంది. రేపు సందేహానికి తావు లేకుండా చేయడమే ఆ ఆదేశంలోని వివేకం.

పాన్ అనేది పది స్థానాల గుర్తింపు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మరొక అక్షరం. అందులో నాలుగవ అక్షరం గమనించదగినది. వ్యక్తికైతే ‘పి’, భాగస్వామ్య సంస్థకైతే ‘ఎఫ్’, కంపెనీకైతే ‘సి’, ట్రస్టుకైతే ‘టి’. అంటే వ్యక్తి వేరు, సంస్థ వేరు అన్న భేదం ఆ సంఖ్యలోనే ఇమిడి ఉంది.

హిందూపురం బజారులో అన్నదమ్ములు కలసి నడిపే దుకాణాలు ఉన్నాయి. బ్యాంకు ఖాతా, జీఎస్టీ నమోదు అన్నీ పెద్దన్న పాన్ మీదనే. జీఎస్టీ సంఖ్యలోని పదిహేను స్థానాలలో మొదటి రెండు రాష్ట్ర సంకేతం. ఆంధ్రప్రదేశ్‌కు అది 37. ఆ తరువాతి పది స్థానాలూ పాన్ సంఖ్యయే. కనుక కాగితాల ప్రకారం ఆ దుకాణం పెద్దన్న ఒక్కడిదే. ఆయన మరణానంతరం తమ్ముళ్ళు ఒకవైపు, భార్యాబిడ్డలు మరొకవైపు నిలబడి మా వద్దకు ఫత్వా కోసం వస్తారు. వారసత్వపు వాటాల లెక్క మేము చెప్పగలము. అయితే మృతుని సొత్తు ఏదో తేలనిదే ఆ లెక్క మొదలు కాదు. భాగస్వామ్య పత్రం వ్రాసుకుని, సంస్థకు వేరుగా పాన్ తీసుకొని ఉంటే అనాథలైన పిల్లల హక్కూ, తమ్ముళ్ళ కష్టార్జితమూ రెండూ భద్రంగా ఉండేవి.

పెనుకొండ పరిసరాలలో సరకు వాహనాలను కిరాయికి నడిపేవారి విషయం మరొకటి. పది లేక అంతకంటే తక్కువ సరకు వాహనాలు గల యజమాని తన పాన్‌తో ధ్రువీకరణ ఇస్తే, కిరాయి చెల్లించే సంస్థ అందులో పన్ను మినహాయించుకోనక్కరలేదు. పాన్ ఇవ్వకుంటే, చట్టం నిర్ణయించిన పరిమితి దాటిన చెల్లింపులో 20 శాతం కోత పడుతుంది. యాభై వేల కిరాయిలో పది వేలు పోయినట్లే. ఆ సొమ్ము ఎవరి లెక్కలో జమ కావాలో చెప్పే సంఖ్య లేనందున తిరిగి పొందడమూ దుర్లభం.

ధర్మవరంలో పట్టుచీరల పనిచేసే మన స్త్రీలు తమ కూలిని భర్త ఖాతాలో వేయడం పరిపాటి. స్త్రీ సంపాదన స్త్రీదేనని నిసా సూరా 32వ వాక్యం స్పష్టం చేసింది. ఆమె మహర్, ఆమె ఆర్జన ఆమె పేరుననే ఉండాలి. పాన్ దరఖాస్తులో వివాహిత సైతం భర్త పేరు కాక తండ్రి పేరే వ్రాయాలి. పెళ్ళితో స్త్రీ వంశం మారదన్న మన ధర్మానికి ఇది దగ్గరగా లేదా?

ఇక మసీదులు, మదర్సాల సంగతి. ఒక ఊరి మసీదు నిర్మాణ నిధి కోశాధికారి సొంత ఖాతాలో ఉండేది. ఆయన నిజాయితీపరుడే. అయితే ఆయన అకస్మాత్తుగా మరణించగా, ఆ ధనం చట్టం దృష్టిలో వారసుల ఆస్తి అయింది. వారందరి సంతకాలు సమకూరేవరకు పై కప్పు పని నిలిచిపోయింది. జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్య తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అని వేరు చేసినప్పుడు, దైవప్రవక్త (సఅసం) మింబర్‌పై నిలిచి మందలించారు. ప్రజల సొత్తు, సొంత సొత్తు కలిసిపోయే చోట సజ్జనులకు సైతం ప్రమాదమే. సంస్థను ట్రస్టుగా నమోదు చేయించి, దాని పేరున పాన్, ఖాతా తీసుకోవడం అమానతును కాపాడే మార్గం.

పాన్ తీసుకుంటే పన్ను పడుతుందన్న భయం నిరాధారమైనది. పన్ను పడేది ఆదాయం మీద గాని సంఖ్య మీద కాదు. ఆధార్‌కు మొబైల్ నంబరు జోడించుకున్న వయోజనులు ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఈ-పాన్‌ను ఉచితంగా పొందవచ్చు. ఒకరికి ఒక్క పాన్ మాత్రమే ఉండాలి. రెండవది ఉంటే పది వేల జరిమానా ఉంది. ఎంత దగ్గరి బంధువు అడిగినా మీ పాన్‌పై వారి వ్యాపారం నమోదు కానివ్వకండి. వారి బకాయిలకు జవాబుదారీ మీరే అవుతారు.

ఈ నెల మీ మసీదు కమిటీ సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి: మన ధనం ఎవరి పేరున ఉంది? ఇంటికి వచ్చాక అదే ప్రశ్న మీ దుకాణం గురించి, మీ ఇల్లాలి సంపాదన గురించి వేసుకోండి. అమానతులను హక్కుదారులకు అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.