ఇంటర్ పిల్లల చేతికి ఊరి న్యాయం లెక్క ఇద్దాం

ఇయ్యాల వరి గురించి, యూరియా లైన్ల గురించి రాస్తలేను. ఇంటర్ చదివే మన పిల్లల గురించి రాస్తున్న. జర పొడుగైతది, ఓపికతోని చదువుండ్రి.

ఇంగ్లండ్‌ల మన ఇంటర్ లెక్కనే రెండేండ్ల చదువు ఉంటది. సిక్స్త్ ఫామ్ అంటరు. అక్కడ ఆ వయసులనే 'లా' ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉన్నది. పిల్లలు తమకు నచ్చిన ప్రశ్న ఒకటి పట్టుకొని, సొంతంగా తిరిగి, అడిగి, చదివి 5,000 మాటల దాకా రిపోర్టు రాస్తరు. సార్లు దారి చూపిస్తరు, పని మాత్రం పిల్లలదే. మన దగ్గర లా చదవాల్నంటే ఇంటర్ అయినంక ఐదేండ్లు, లేకపోతే డిగ్రీ అయినంక మూడేండ్లు. అప్పటిదాకా సీఈసీ పిల్లలకు సివిక్స్ పుస్తకమే న్యాయం. హక్కులు బట్టీ కొడతరు, పరీక్షల రాస్తరు, మరిచిపోతరు.

నేనూ ఇంటర్ దాకనే చదివిన. ఆ రెండేండ్లల పహాణీ ఎట్ల చదవాల్నో, ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఎన్ని రోజులల్ల జవాబు ఇయ్యాల్నో ఎవ్వరూ చెప్పలే. అవన్నీ వ్యవసాయంల పడ్డంక నేర్చుకున్నయే.

మా వాడల ఒక బిడ్డ ఎల్లారెడ్డిల సీఈసీ చదువుతది. 2025 ఎండాకాలం సెలవులల్ల మా ఇంటికొచ్చి, "పెద్దనాయనా, మన ఊర్ల సాదా బైనామా భూములు ఎవరెవరికి ఉన్నయో రాస్త, ఎవరి ఇంటికి పోవాల్నో చెప్పు" అన్నది. కాలేజీల చెప్పిన పని కాదు, మార్కులు లేవు. వాళ్ల నానమ్మకు 30 గుంటల భూమి ఉన్నది, పట్టా లేదు. అదీ ఆ పిల్ల ప్రశ్న.

తెలియనోళ్లకు చెప్త. సాదా బైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు. కొన్నోళ్లు దున్నుకుంటరు, రికార్డుల పేరు అమ్మినోళ్లదే ఉంటది. 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఈ తేడా ఏందో అందరికీ సమజైంది. పైసలు పట్టాదారుకే పోయినయి, చెమట మాత్రం ఈ ముసలమ్మది.

ఆ పిల్ల ఒక లాంగ్ నోట్‌బుక్‌ల గీతలు గీసుకున్నది. సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఏ సాల్ల కొన్నరు, కాగితం ఉన్నదా, సాక్షులు బతికున్నరా, ఇప్పుడు ఎవరు దున్నుతున్నరు. 11 ఇండ్లు తిరిగింది. రాత్రి ఫోన్ల భూభారతి చట్టం చదివింది. 2014 జూన్ 2 కంటే ముందు కొని, 12 ఏండ్ల సంది కబ్జాల ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 లోపల అర్జీ పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే దాంట్ల దారి ఉన్నది. అంటే ఒక్క మీసేవ రసీదు మీదనే అంతా ఆగింది.

నానమ్మ రసీదు రేకు పెట్టెల, పాత చీరల కింద దొరికింది. 11 ఇండ్లల 7 ఇండ్లకు రసీదులున్నయి. నాలుగింటికి అర్జీనే లేదు. ఒకాయన అప్పుడు దుబాయ్‌ల ఉన్నడు. ఒకామెకు ఎవ్వరూ చెప్పలే. ఇద్దరు కరోనా భయానికి గడప దాటలే.

తర్వాత మండల ఆఫీసుకు సమాచార హక్కు కింద అర్జీ రాసింది, మా ఊరివి ఎన్ని దరఖాస్తులు ఉన్నయని. మండలం స్థాయిల దీనికి ఫీజు 5 రూపాయలే, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. జవాబు వచ్చింది. 9 అన్నరు. ఈమె దగ్గర ఉన్నయి 7. మిగిలిన రెండు ఎవరివని మళ్ల తిరిగింది. ఒక కుటుంబం హైదరాబాద్ పోయింది. ఇంకోటి చనిపోయిన ఒకాయనది. అర్జీ పెట్టిన సంగతి ఆయన కొడుకులకే తెలియదు. దరఖాస్తు నంబరు తీస్కపోయి వాళ్ల చేతుల పెట్టింది.

ఆ నోట్‌బుక్ ఆఖరి పేజీల ఒక ప్రశ్న రాసుకున్నది. గడువు ఉన్నదనే తెలియని మనిషి హక్కు, గడువు దాటిందని పోవుడు న్యాయమేనా? నా దగ్గర జవాబు లేదు. ఆ నాలుగు కుటుంబాలు ఇప్పటికీ ఆ భూమినే దున్నుకుంటున్నరు, పేరు మాత్రం ఇంకొకరిది.

గడువు అంటే కామారెడ్డి మాస్టర్ ప్లాన్ యాదికొస్తది. డ్రాఫ్ట్ బయటకొచ్చింది, అభ్యంతరాలకు 60 రోజులు పెట్టిండ్రు. పచ్చటి పొలాలు ఇండస్ట్రియల్ జోన్ రంగుల, వంద ఫీట్ల రోడ్ల కింద కనబడ్డయి. 2023 జనవరి 4న అడ్లూర్ ఎల్లారెడ్డిల ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. అది కామారెడ్డి పక్క ఊరు, మా ఎల్లారెడ్డి కాదు. జనవరి 6న కామారెడ్డి బంద్. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ డ్రాఫ్ట్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. రైతులు కొట్లాడి గెలిచిండ్రు. కానీ డ్రాఫ్ట్ అంటే ఏంది, జోన్ మారితే భూమికి ఏమైతది, అభ్యంతరం ఎవరికి రాయాలె, ఇవి ఊరూరికీ మొదటి వారంలనే చెప్పే మనిషి ఒకరుండాలె. ఆ మనిషి ఇంటర్ చదివే మన పిల్లలే ఎందుకు కావొద్దు?

పిల్లలతోని ఏమైతది అనకుండ్రి. 2012ల లక్నోల పదేండ్ల పాప, గాంధీకి జాతిపిత అనే పేరు ఏ ఉత్తర్వుతోని ఇచ్చిండ్రని ప్రధానమంత్రి ఆఫీసుకు సమాచార హక్కు అర్జీ పెట్టింది. అసొంటి ఉత్తర్వు ఏదీ దొరకలే. 2019ల పసిఫిక్ దీవుల 27 మంది లా విద్యార్థులు క్లాసుల మొదలుపెట్టిన పని, వాతావరణం చెడగొడితే దేశాలకు బాధ్యత ఉంటదా అనే ప్రశ్న, అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయింది. 2025 జులై 23న ఉంటదనే కోర్టు చెప్పింది. నెల దాటంగనే, ఆగస్టు ఆఖరుల మన కామారెడ్డి జిల్లా వానలల్ల మునిగింది. పంట నష్టం రాసినప్పుడు కౌలు రైతు పేరు రాసిండ్రా, పట్టాదారు పేరు రాసిండ్రా? ఒక పిల్లకు సెలవులకు సరిపోయే ప్రశ్న ఇది.

పెద్దోళ్లకు ఒక మాట. పిల్లలు ఇంటికొచ్చి అడిగితే "నీకెందుకే" అనకుండా రేకు పెట్టె తెరిచి చూపెట్టుండ్రి. ఆధార్, ఖాతా నంబర్లు మాత్రం నోట్‌బుక్‌ల రాయనియ్యకుండ్రి. ఊర్ల తగాదా ఉన్న భూమైతే ఇద్దరి మాటా రాయమనుండ్రి, ఒక్కరి దిక్కు రాస్తే అది ప్రాజెక్టు కాదు, ఫిర్యాదు అయితది.

పిల్లలకు ఒక మాట. మీరు వకీళ్లు కాదు, కేసు గెలిపిస్తమని ఎవ్వరికీ చెప్పకుండ్రి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఉచితంగా వకీలును ఇస్తరు. ఆదాయం లెక్క వాళ్లకు అడ్డం కాదు. నంబరు 15100. మీ నోట్‌బుక్ మొదటి పేజీల అది రాసుకోండ్రి, అవసరం ఉన్నోళ్లకు చెప్పుండ్రి.

మా ఊరి 9 దరఖాస్తులు ఇంకా తేలలే. తేలినంక ఏమైందో రాస్త. అప్పటిదాకా, మీ ఇంట్ల ఇంటర్ చదివే బిడ్డ ఉంటే 2020 నాటి రసీదు ఉన్నదా లేదా వెతకమని ఇయ్యాలనే చెప్పుండ్రి.