యాడి ఇంట్లో నాలుగు రోజులు

దసరా సెలవులకు గద్వాల దగ్గర నా స్నేహితురాలి తండాకు పోయినాను. ఇంట్లో అందరూ లంబాడీ మాట్లాడతారు. నాకు ఒక్క ముక్క తెల్వదు. వాళ్లమ్మ వేడి జొన్నరొట్టె వేసి "బాటి" అన్నది. నేను ఆమెను "యాడీ" అని పిలిచినాను.

మరునాడు గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి చూసినాము. జూరాల డ్యాం కాడ, "ఈ కృష్ణ నీళ్లే మా నల్లమల దిక్కు వస్తాయి" అని చెప్పినాను.

"మీ ఊరికి నన్నెప్పుడు తీస్కపోతవు?" అన్నది స్నేహితురాలు.

నేను మాట్లాడలేదు. మా చెంచుల ఊరిని పెంట అంటారు. ఆ పేరు చెప్తే క్లాసులో కొందరు నవ్వుతారు.

ఆ రాత్రి యాడి తన దుప్పటి నాకే కప్పింది. నాకు సిగ్గయింది.

పొద్దున లేచి చెప్పినాను: "ఎండాకాలం సెలవులకు మా పెంటకు రా. మా అమ్మ తేనె పెడతది."