చుక్క తర్వాత పేరు

8 జూలై 2024, శ్రీకాకుళం

ఉభాల కాలం. మండలాలవారీ వర్షపాతం జేసన్ ఫైలుగా చేతికొచ్చింది. ప్రతి లైనులో బ్రాకెట్లు, కోట్లు పెట్టి వర్షం["నైరుతి"] అనేకంటే వర్షం.నైరుతి అని రాసుకుంటే చదివేవాళ్లకు హాయి. 2008లో పైథాన్ 3 వచ్చాక వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. మనవాళ్లు ఆ సౌకర్యాన్ని వాడుకోవడం తక్కువ. ఏ ఫైలులో ఏ కాలమ్‌లు వస్తాయో ముందు తెలియదు కాబట్టి వాటిని క్లాసులో రాసిపెట్టలేం. గెట్‌యాట్ర్ అనే ప్రత్యేక మెథడ్ ఉన్నది అందుకే. మామూలుగా వెతికితే పేరు దొరకనప్పుడే పైథాన్ దాన్ని పిలుస్తుంది. అక్కడ డిక్షనరీలోంచి విలువ తీసి ఇస్తే సరి.

9 జూలై

జి.సిగడాం, ఎల్.ఎన్.పేట. మన మండలాల పేర్లలోనే చుక్కలున్నాయి. జిల్లా.ఎల్.ఎన్.పేట అంటే పైథాన్ ముందు ‘ఎల్’ కోసం, దొరికితే అందులో ‘ఎన్’ కోసం వెతుకుతుంది. విజయనగరం వైపు రేగిడి ఆమదాలవలసకు మధ్యలో ఖాళీ. అన్నింటికీ అండర్‌స్కోర్ తగిలించమని అంటుంటారు. నేనొప్పుకోను. మండలం అనేది కాలమ్, ఎల్.ఎన్.పేట అందులోని విలువ. కాలమ్‌లకు చుక్క, ఊళ్లకు బ్రాకెట్: జిల్లా["ఎల్.ఎన్.పేట"].నైరుతి. ఊరి పేరు ఊరివాళ్లు రాసుకున్నట్టే ఉంటుంది.

11 జూలై

టీమ్‌లో కుర్రాడు స్క్రీన్ చూపించాడు. “అన్నా, కాలమ్ కళ్లముందే ఉంది గదా, లేదంటాదేటి?”

నిజమే, ‘నైరుతి’ ఉంది. ప్రింట్ చేస్తే కనిపిస్తోంది. అడిగితే మాత్రం లేదంటోంది. ఒక్కో అక్షరం యూనికోడ్ నంబరు తీయించాం. ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: 0C48 అనే ఒకే గుర్తుగా, లేదా 0C46, 0C56 అనే రెండు గుర్తులుగా. తెరమీద తేడా ఉండదు. కోడ్‌లో మనం రాసిన పేరును పైథాన్ చదివేటప్పుడే ఎన్‌ఎఫ్‌కేసీ రూపంలోకి, అంటే ఒకే గుర్తుగా, మార్చేస్తుంది. డిక్షనరీలోని కీ మామూలు స్ట్రింగు, దాన్ని ఎవరూ మార్చరు. ఫైలులో రెండు ముక్కలుగా ఉంటే ఈ రెండూ ఎన్నటికీ కలవవు. ఆబ్జెక్ట్ కట్టేటప్పుడే ప్రతి కీనీ నార్మలైజ్ చేయడం మందు. పొల్లు తర్వాత దాక్కునే జీరో విడ్త్ నాన్‌జాయినర్ దీనితో పోదు, పైథాన్ పేర్లలో దానికి చోటూ లేదు. విడిగా తీసేయాలి.

ఇంగ్లిష్ కాలమ్‌లతో నేర్చుకున్నవాళ్లకు ఇది ఎదురుకాదు. తెలుగు డేటాతో పనిచేసే ప్రతివాళ్లకూ మొదటిరోజే చెప్పాలి.

14 జూలై, ఆదివారం

రాత్రంతా వాన. లేని కాలమ్ అడిగితే సున్నా ఇచ్చే కోడ్ ఒకటి చూశాను. వర్షపాతంలో సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే కొలవలేదని. రెండింటినీ కలిపేస్తే తడిసిన మండలం కరువు పట్టికలోకి వెళ్తుంది. పేరు లేకపోతే యాట్రిబ్యూట్ ఎర్రర్ లేపాలి. కీ ఎర్రర్ వదిలేసినా తప్పే: పేరు ఉందో లేదో చూసే హాజ్‌యాట్ర్‌కు అది అర్థం కాదు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది.

డిక్షనరీనుంచి క్లాసును వారసత్వంగా తీసుకోవద్దు. ఇంగ్లిష్‌లో ‘వాల్యూస్’ అనే కాలమ్ వస్తే డేటా బదులు డిక్షనరీ మెథడ్ బయటికొస్తుంది. తెలుగు పేర్లకు ఈ బెడద లేదు.

19 జూలై

రాజాం ఏ జిల్లా? 2022 ఏప్రిల్ 4 ముందు శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం. పాలకొండ అదేరోజు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పార్వతీపురానికైతే కనీసం మూడు జవాబులు: 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టేముందు అదీ శ్రీకాకుళమే, తర్వాత విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. పాత వర్షపాతం పక్కన కొత్త జిల్లా పేరు ముద్రపడితే జిల్లా సగటులన్నీ తప్పుతాయి. అందుకే జిల్లాను విలువగా దాచలేదు. రికార్డు తేదీ చూసి జవాబు లెక్కగట్టే ప్రాపర్టీగా రాశాను. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

21 జూలై

కాలమ్‌లన్నీ తెలిసిపోయాయి. గెట్‌యాట్ర్ తీసేసి, ఫీల్డులన్నీ పేరుపేరునా డేటాక్లాసులో రాశాను. తెలియని ఫైలును తెలుసుకునేటప్పుడు డైనమిక్ యాక్సెసర్‌ని మించినది లేదు. తెలిశాక పేర్లు రాసిపెట్టడమే మేలు, ఎడిటర్ కూడా తప్పు పట్టిస్తుంది. జిల్లా డేటా విడుదల చేసే అధికారులకు ఒక్క విన్నపం: పేర్లతో ఈ తంటా తప్పేలా, మండలం పేరు పక్కన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ కూడా ఇవ్వండి.