పేటియాకు కత్తెర పెట్టలేదు

జూలై 28

మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. చెనిక్కాయ విత్తినోళ్ళంతా ఆకాశం చూస్తున్నారు, బట్టలు కుట్టించుకునేదెవరు? మధ్యాహ్నం లంబాడీ తండా పిల్ల వచ్చింది, వెనక వాళ్ళవ్వ. పిల్లకు బెంగళూరులో ఉద్యోగం. సంచిలోంచి అవ్వ పేటియా (పావడ), కాంచళి (రవిక), టుక్రి (తలమీది ఓణీ) తీసి మిషన్ మీద పరిచింది.

"అక్కా, వీటిని కోసి రెండు కుర్తీలు కుట్టు. ఆఫీసుకేసుకుంటా."

పేటియా ఒంటిచేత్తో ఎత్తలేకపోయినా. ఎర్రగుడ్డ మీద అద్దాలు, గవ్వలు, బిళ్ళలు. నడుంపట్టీ కుట్టు ఎంత దట్టమంటే, అసలు గుడ్డ ఏ రంగో వెనక తిప్పితే గానీ తెలీలేదు.

అవ్వ ఒక్కమాటే అనింది. "కత్తెర పెట్టద్దు మా."

జూలై 31

అవ్వ ఒక్కతే వచ్చింది, పూలపూల నైలెక్స్ చీరలో. ఇవి వేసుకునేది నువ్వెందుకు మానేసినావవ్వా అని అడిగినా.

"కూలికి పోతే ఆ బరువుతో వంగేకి కాదు. ఉతికితే రెండుదినాలు ఆరదు. బస్సెక్కితే అందరూ మన వీపు తిక్కే చూస్తారు."

కాంచళికి వీపుండదు, తాళ్ళే. చిన్నప్పుడు సంతలో ఆ తాళ్ళు చూసి మేమూ నవ్వినాం. ఈ కాలం పిల్లలు పాత బట్ట వదిలేసినారని అందరూ అంటారు. ఈ ఇంట్లో వదిలింది అవ్వ, అడుగుతున్నది మనవరాలు. ఫిబ్రవరి 15న వాళ్ళ గురువు సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్ పోయేటప్పుడు మాత్రం అవ్వ ఈ బట్టల పెట్టె తెరుస్తుందట.

ఆగస్టు 4

అవ్వ ఇచ్చిన చిరుగు టుక్రి ముక్కను సర్ఫులో నానబెట్టి చూసినా. ఎరుపంతా దిగి, పక్కనున్న తెల్ల లైనింగ్ గులాబీ అయింది. రెండద్దాలు ఊడినాయి. ముక్కతో పోయింది కాబట్టి సరిపోయింది, కుర్తీ కుట్టింటే పిల్ల మొహం ఎట్ల చూసేదాన్ని?

ఆగస్టు 9

పిల్ల వీడియో కాల్ చేసి, తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఫోటో చూపించింది. వాళ్ళ పండగ బట్ట పేరు టెర్నో. భుజాల మీద చేతులు సీతాకోకచిలుక రెక్కల్లా నిక్కి నిలబడతాయి. అంతకు ముందుది బారోత్ సాయా: పైన పల్చటి రవిక, కింద పావడ. ఉన్నోళ్ళు ఆ రవికను అనాస ఆకుల నారతో నేయించుకునేవాళ్ళట. ఫోటోలో ఆ అమ్మాయి మాత్రం రెక్కల చేతుల్ని పొట్టి కోటులా కుట్టించుకొని జీన్స్ మీద వేసుకుంది. పని కాగానే విప్పి తగిలించేయొచ్చు.

విప్పొచ్చు! నాకు కావాల్సిన మాట అదే. సాదా నూలు కుర్తీ, దానికి ఊడదీసే ఎదపట్టీ. కుర్తీ రోజూ ఉతుక్కోవచ్చు, పట్టీకి నీళ్ళు తగలక్కర్లేదు.

పట్టీ కోసం పాతది కోసేది లేదు. అవ్వే కొత్తది కుట్టాలి. "నా కుట్టు ఎవురికి కావాల?" అనింది. కర్ణాటకలోని సండూరు సంగతి చెప్పినా. అక్కడి లంబాడీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు అక్కడి లంబాడీ ఆడవాళ్ళు చేసిన 1,755 వస్తువులు ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డయింది. అవ్వకు గిన్నిస్ ఏందో పట్టలేదు. "సండూరోళ్ళకు దుడ్లిస్తారా?" అని మాత్రం అడిగింది.

ఆగస్టు 21

అయిపోయింది. నీలం కుర్తీ, ఎనిమిది టిచ్ బటన్లు, రెండు జేబులు. పట్టీ కుట్టేకి అవ్వకు పదకొండు దినాలు పట్టింది. కుర్తీకి నేను 450 తీసుకున్నా. అవ్వ ఏమీ వద్దనింది, మనవరాలి దగ్గర దుడ్లేందని. పదకొండు దినాల పని ఊరికే చేయించుకుంటే ఆ కుట్టు నేర్చుకునేదెవరని పిల్లను కోప్పడినా. రెండువేలు తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. అది కూడా తక్కువే, కూలికి పోయుంటే ఇంకా ఎక్కువొచ్చేది.

పేటియా పెట్టెలోకి పోయింది, ఎక్కడా కత్తెర తగల్లేదు. ఆఫీసులో ఇంకో ఇద్దరికి పట్టీలు కావాలంట. ఈసారి జేబు రెండంగుళాలు లోతు పెంచాల, ఫోను బయటికొస్తోంది.